పిల్లల సిమ్‌ను పోస్ట్‌పెయిడ్ నుంచి ప్రీపెయిడ్‌కు మార్చడం ఎలా? నంబరు పోకుండా, పాత బిల్లు వెంటాడకుండా

జూన్‌లో పిల్లల్ని మన విజయవాడ పక్కన గూడవల్లి, నిడమానూరు వైపు కాలేజీ హాస్టళ్లలో దింపి వస్తాం. హాస్టల్లో ఫోన్ ఒప్పుకోరు కాబట్టి అది ఇంట్లో బీరువాలో స్విచాఫ్ అయి పడుంటుంది. మళ్లీ దసరా సెలవుల దాకా దాన్ని ముట్టుకునేవాళ్లుండరు. బిల్లు మాత్రం నెల తిరిగేసరికి వచ్చేస్తుంది. "ప్రీపెయిడ్‌కి మార్చేస్తే పోలా? ఎలా మార్చాలండీ?" అని ఈ ఏడాది మా అపార్ట్‌మెంట్‌లోనే ఐదారుగురు అడిగారు. హాస్టల్ గొడవ లేకపోయినా, పిల్లవాడు ఎంత వాడుతున్నాడో బిల్లు వచ్చేదాకా తెలియట్లేదని అడిగేవాళ్లూ ఉన్నారు. విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. మార్చడం పది నిమిషాల పని. తిప్పలన్నీ దానికి ముందు, ఆ తర్వాత. మా అమ్మాయి నంబరు మార్చినప్పుడు నాకు ఆ పది నిమిషాల్లో ఏ ఇబ్బందీ రాలేదు. నాలుగు నెలల తర్వాత ప్రవేశ పరీక్ష దరఖాస్తు నింపుతుంటే ఓటీపీ రాలేదు. ప్యాక్ ఎప్పుడో అయిపోయింది, ఇన్‌కమింగ్ ఆగిపోయింది, మేం చూసుకోలేదు. పోస్ట్‌పెయిడ్‌లో మనం మర్చిపోతే కంపెనీవాళ్లే గుర్తుచేసి మరీ డబ్బు వసూలు చేస్తారు. ప్రీపెయిడ్‌లో మనం మర్చిపోతే నంబరు చప్పుడు చేయకుండా మూగబోతుంది.

ముందు ఈ మూడు సంగతులు తేల్చుకోండి

సిమ్ ఎవరి పేరు మీద ఉంది? 18 ఏళ్లు నిండనివాళ్లకు మన దేశంలో సిమ్ ఇవ్వరు. అంటే మీ పిల్లవాడి సిమ్ మీ పేరు మీదో, ఇంట్లో ఇంకొకరి పేరు మీదో ఉండాలి. ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే మార్పు కోరాలి. "ఆయన పేరు మీదే అనుకుంటా" అని షాపుకి వెళ్తే రెండు ట్రిప్పులు తిరగాలి. అనుమానం ఉంటే కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథి పోర్టల్లోకి మీ నంబరుతో, ఓటీపీతో వెళ్లండి. మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కనిపిస్తాయి. మన రాష్ట్రంలో ఒక్కొక్కరికి 9 సిమ్‌లే పరిమితి కాబట్టి ఆ లెక్క కూడా పన్లోపనిగా చూసుకోవచ్చు.

ఫ్యామిలీ ప్లాన్‌లో ఉందా? చాలా ఇళ్లలో నాన్న నంబరు ప్రధాన నంబరు, పిల్లల నంబర్లు దాని కింద యాడ్-ఆన్. అలాంటప్పుడు ముందు ఆ నంబరును ప్లాన్ నుంచి విడదీయాలి. విడదీశాక మిగతావాళ్ల అద్దె (నెలవారీ ప్లాన్ చార్జీ) తగ్గుతుందా, లేక అంతే ఉంటుందా అని కూడా అడగండి. కొన్ని ప్లాన్లలో ఒక్క నంబరు తీసేసినా డబ్బు ఆదా ఏమీ ఉండదు. అప్పుడు మార్చడం దండగ. నాన్న ఆఫీసు ఇచ్చిన కనెక్షన్ అయితే కథ వేరు. ఆఫీసు నుంచి అనుమతి లేఖ లేకుండా ఎవరూ ముట్టుకోరు.

ఆ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చారు? ఆధార్, డిజిలాకర్, బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్, ఈఏపీసెట్, జేఈఈ, నీట్ దరఖాస్తులు... కూర్చుని ఒక కాగితం మీద రాయండి. ఈ జాబితా పొడుగ్గా ఉంటే, ప్రీపెయిడ్‌కి మార్చాక ఏడాది పొడవునా ఇన్‌కమింగ్ నడిచే ప్యాక్ వేయక తప్పదు. జాబితాలో ఏమీ లేకపోతే మీ ఇష్టం.

కావలసినవి

సిమ్ వేసి ఉన్న ఫోన్ మీ దగ్గరే ఉండాలి. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఫోన్ హాస్టల్ వార్డెన్ దగ్గర పెట్టి, మీరు గవర్నర్‌పేటలో షాపు ముందు నిలబడితే లాభం లేదు. దాంతో పాటు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఆధార్, వాళ్లు స్వయంగా రావడం, చివరి బిల్లు కాపీ, కట్టిన రసీదు. మొదట్లో సెక్యూరిటీ డిపాజిట్ కట్టి ఉంటే దాని రసీదు కూడా వెతకండి.

ఇక పని మొదలుపెడదాం

1. బిల్ సైకిల్ తేదీ చూడండి. ప్రతి బిల్లు మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని ఉంటుంది. కొత్త సైకిల్ మొదలవడానికి రెండు మూడు రోజుల ముందు మార్చుకోవడం మంచిది. మధ్యలో మార్చినా తప్పు లేదు. కాకపోతే ఆ కొన్ని రోజులకు చివరి బిల్లు ఒకటి విడిగా వస్తుంది, జనం దాన్నే మర్చిపోతారు. ఇంకో సంగతి, పోస్ట్‌పెయిడ్ అద్దె మీద 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుంది. అద్దె 399 అనుకుంటే చేతి నుంచి పోయేది 470 రూపాయల 82 పైసలు. ప్రీపెయిడ్ ప్యాక్ ధరలో పన్ను కలిసే ఉంటుంది. రెండూ పోల్చేటప్పుడు 399కి 399 అని పోల్చకండి.

2. ఉన్న బాకీ మొత్తం కట్టేయండి. కట్టిన వెంటనే షాపుకి పరిగెత్తకండి. కట్టినట్టు కంపెనీ యాప్‌లో కనిపించేదాకా ఆగండి.

3. ఆటో-పే (బిల్లు దానంతటదే కట్టుకునే ఏర్పాటు) ఆపండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. యూపీఐ యాప్‌లో ఆటో-పే అనే భాగంలో చూడండి, బ్యాంకు కార్డు మీద పెట్టి ఉంటే బ్యాంకు యాప్‌లో చూడండి. కంపెనీ యాప్‌లో కూడా విడిగా ఉండవచ్చు. మూడు చోట్లా చూశాకే ముందుకు వెళ్లండి. కాకపోతే చివరి బిల్లు కట్టేదాకా దాన్ని ఉంచుకుంటామని కొందరు అంటారు. అదీ తప్పేం కాదు, కానీ ఆపాల్సిన తేదీని క్యాలెండర్ మీద రాసుకోండి.

4. పిల్లవాడి వాట్సాప్ బ్యాకప్ తీసుకోండి. నంబరు మారదు కాబట్టి సాధారణంగా ఏమీ పోదు. కానీ కొత్త సిమ్ ఇస్తే ఫోన్లో మార్చే హడావిడిలో ఏదో ఒకటి జరుగుతుంది. పోస్ట్‌పెయిడ్‌తో పాటు వచ్చిన సినిమా యాప్‌ల సభ్యత్వం కూడా ప్లాన్‌తోనే పోతుందని పిల్లలకు ముందే చెప్పండి. లేకపోతే ఆ రాత్రి ఇంట్లో గొడవ మీకే.

5. ఇప్పుడు మార్పు కోరండి. రెండు దారులున్నాయి.

మొదటిది కంపెనీ యాప్. అందులో పోస్ట్‌పెయిడ్ నుంచి ప్రీపెయిడ్‌కు మారే అవకాశం కనిపిస్తే ఎంచుకోండి, ఓటీపీ కొట్టండి, మొదటి ప్యాక్ ఎంచుకోండి. 2021 సెప్టెంబరులో కేంద్రం నిబంధనలు సడలించినప్పటి నుంచి ఒకే కంపెనీలో ఇలా మారడానికి మళ్లీ కేవైసీ (గుర్తింపు, చిరునామా రుజువు) కాగితాలన్నీ ఇవ్వక్కర్లేదు, ఓటీపీ చాలు.

రెండోది కంపెనీ సొంత స్టోర్. బందర్ రోడ్డులో అయినా, గుంటూరు బ్రాడీపేటలో అయినా కంపెనీ బోర్డు ఉన్న సొంత స్టోర్‌కే వెళ్లండి. బీఎస్‌ఎన్‌ఎల్ అయితే వాళ్ల కస్టమర్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. మామూలు రీచార్జ్ షాపుల్లో ఈ పని చేయరు. రోడ్డు కూడళ్లలో గొడుగు వేసుకుని సిమ్‌లు అమ్మే కుర్రాళ్లు "చేసేస్తాం మేడమ్, వేలు పెట్టండి" అంటారు. వేలు పెట్టకండి. ఒకసారి పడలేదంటూ రెండోసారి వేలిముద్ర వేయించుకుని, మీ పేరు మీద ఇంకో సిమ్ తీసి ఎవరికో అమ్మిన మోసాలు చాలాచోట్ల బయటపడ్డాయి. ఎక్కడ వేలిముద్ర వేసినా ఆ వారంలో సంచార్ సాథిలో ఒకసారి మీ సిమ్‌ల లెక్క చూసుకోండి.

స్టోర్‌లో ఇంకో తతంగం కూడా ఉంటుంది. నేను వెళ్లినప్పుడు కౌంటర్లో అబ్బాయి, "మేడమ్, పోస్ట్‌పెయిడ్‌లోనే చిన్న ప్లాన్ ఉంది, దానికి దించేస్తాను, ఎందుకు మార్చడం?" అని పది నిమిషాలు నచ్చజెప్పాడు. "ఆఫర్ సంగతి తర్వాత చూద్దాం బాబూ, ముందు ఇది మార్చు" అంటే గానీ కంప్యూటర్ వైపు తిరగలేదు. వాళ్ల టార్గెట్లు వాళ్లవి. మీరు మెత్తబడకండి.

6. మూడు ప్రశ్నలు అడిగి జవాబు రాసుకోండి: పాత సిమ్మే పనిచేస్తుందా, కొత్తది ఇస్తారా? చివరి బిల్లు ఏ తేదీకి వస్తుంది, ఎక్కడికి వస్తుంది? డిపాజిట్ బిల్లులో మినహాయిస్తారా, బ్యాంకులో వేస్తారా? రిక్వెస్ట్ నంబరు మెసేజ్ రాకుండా అక్కడి నుంచి కదలకండి.

కొత్త సిమ్ ఇస్తే ఒక జాగ్రత్త. సిమ్ మారిన తర్వాత 24 గంటల పాటు ఆ నంబరుకు మెసేజ్‌లు రావు, పోవు. మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. కాబట్టి దరఖాస్తుకు ఆఖరి రోజునో, ఫీజు కట్టాల్సిన రోజునో ఈ పని పెట్టుకోకండి.

7. మొదటి ప్యాక్ వేయండి. ప్యాక్ లేకుండా మార్పు జరిగినా ఫోన్ మూగగానే ఉంటుంది. ఏ ప్యాక్ వేయాలన్నది కింద విడిగా రాశాను, అది చదివాకే వేయండి.

8. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. మారే సమయంలో కాసేపు సిగ్నల్ పోతుంది. సాధారణంగా అరగంటలోపే వచ్చేస్తుంది. గంటలు గడిచినా రాకపోతే ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి కంపెనీ కస్టమర్ కేర్‌కు చేయండి.

ఏ ప్యాక్ వేయాలి?

హాస్టల్ పిల్లలైతే డేటా ప్యాక్ వేసి బీరువాలో పెట్టడం అర్థం లేని ఖర్చు. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన సవరణతో కంపెనీలు డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి ప్యాక్‌లకు 365 రోజుల దాకా వ్యాలిడిటీ పెట్టవచ్చు. కంపెనీ యాప్ మొదటి పేజీలో ఇవి కనబడవు, కిందికి వెళ్లి వెతకాలి. షాపువాడు కూడా తనంతట తాను చెప్పడు, "కాల్స్ మాత్రమే ఉన్న ప్యాక్" అని మీరే అడగాలి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పైన చిన్న డేటా ప్యాక్ వేస్తే సరి. కానీ ఆ చిన్న డేటా ప్యాక్ దీని మీద పనిచేస్తుందో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

ఇంట్లోనే ఉండి చదివే పిల్లలకు రోజుకింత డేటా అనే మామూలు ప్యాక్ బాగానే పనికొస్తుంది. ఆ రోజు వాటా అయిపోతే స్పీడు పడిపోతుంది. అర్ధరాత్రి దాటాక మళ్లీ వస్తుంది. అర్ధరాత్రి దాకా మేలుకుని కూర్చునే పిల్లలున్న ఇళ్లకు ఆ రెండో సంగతి ముఖ్యం.

28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 13 సార్లు రీచార్జ్, నెలకొకటి అనుకుంటే లెక్క తప్పుతుంది. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్యాక్, ఒకటి ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్యాక్ ఇవ్వాలని 2022లోనే ట్రాయ్ చెప్పింది. జీతం వచ్చే తేదీకి రీచార్జ్ పెట్టుకునేవాళ్లకు రెండోది నయం.

పరీక్షల ముందు పూర్తిగా నెట్ ఆపాలంటే ఆ ఫోన్ నుంచి స్టాప్ అని ఇంగ్లీషులో టైపు చేసి 1925కు పంపండి. మళ్లీ కావాలంటే స్టార్ట్ అని పంపాలి. ఇంట్లో వైఫై ఉంటే ఇది ఉత్తుత్తి తాళమే అనుకోండి.

ఇరవై రూపాయల నిబంధన గురించి

"ఇరవై రూపాయలు బ్యాలెన్స్ ఉంచితే నంబరు పోదట కదా?" అని అందరూ అడుగుతారు. నిజమే, కానీ సగం నిజం. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతేనే కంపెనీ ప్రీపెయిడ్ నంబరు తీసేయగలదు. ఆ సమయంలో టాక్‌టైమ్ 20 రూపాయలో అంతకన్నా ఎక్కువో ఉంటే, 20 కోసుకుని ఇంకో 30 రోజులు నంబరు ఉంచుతారు. ఇక్కడ రెండు చిక్కులు. అన్‌లిమిటెడ్ ప్యాక్ వేస్తే టాక్‌టైమ్ బ్యాలెన్స్ రాదు, టాప్-అప్ విడిగా వేయాలి. 20 టాప్-అప్ వేస్తే పన్ను, ఫీజు పోగా చేతికి 20 రాదు కాబట్టి అది పనికిరాదు. 50 వేయండి.

అంతకన్నా పెద్ద చిక్కు, నంబరు మీదే ఉండటం వేరు, దానికి ఓటీపీ రావడం వేరు. ప్యాక్ అయిపోయిన కొద్ది రోజులకే ఇన్‌కమింగ్ ఆగిపోవచ్చు. బ్యాంకు, ఆధార్, పరీక్షల జాబితా ఉన్న నంబరును ఈ ఇరవై రూపాయల నమ్మకం మీద వదిలేయకండి. ఒకసారి నంబరు పూర్తిగా పోతే 90 రోజులు ఆపి కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు మీ అమ్మాయి ఓటీపీలు ముక్కూముఖం తెలియనివాళ్ల ఫోన్‌కు వెళ్తాయి.

సరిగ్గా మారిందో లేదో ఎలా తెలుస్తుంది?

షాపువాడు "అయిపోయింది" అన్నంత మాత్రాన అయిపోయినట్టు కాదు. కంపెనీ యాప్‌లో ఆ నంబరుతో లాగిన్ అవ్వండి. బిల్లు కాకుండా ప్యాక్ వ్యాలిడిటీ తేదీ కనిపించాలి. మీ ఫోన్ నుంచి దానికి కాల్ చేయండి, దాని నుంచి మీకు చేయండి, మెసేజ్ పంపించుకోండి. వైఫై ఆపి నెట్ చూడండి (డేటా ఉన్న ప్యాక్ అయితే). చివరగా డిజిలాకర్ లాంటి దాంట్లో లాగిన్ అయ్యి ఓటీపీ వస్తుందో లేదో చూడండి. ఈ ఆఖరి పరీక్ష అందరూ వదిలేస్తారు, అసలు కావాల్సింది అదే.

యూపీఐ యాప్‌లో కూడా ఒక పని మిగిలి ఉంటుంది. అక్కడ ఈ నంబరు పోస్ట్‌పెయిడ్ బిల్లుల జాబితాలో అలాగే కూర్చుని ఉంటుంది. దాన్ని తీసేసి మొబైల్ రీచార్జ్ భాగంలో కొత్తగా పెట్టుకోండి. లేకపోతే రీచార్జ్ అనుకుని వేసిన డబ్బు మూసేసిన పాత ఖాతాలోకి పోయే ప్రమాదముంది. అది వెనక్కి రాబట్టడం కన్నా కొత్త సిమ్ కొనడం తేలిక.

నెల తర్వాత ఇంకోసారి మూడు చూడండి: చివరి బిల్లు వచ్చిందా, కట్టాక బాకీ సున్నా అని కనిపిస్తోందా, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పాత ఆటో-పే మళ్లీ ఏమైనా లాగిందా. అడగని కాలర్ ట్యూన్‌లు, ఆటల సభ్యత్వాల పేరుతో బ్యాలెన్స్ తరుగుతుంటే 155223కు స్టాప్ అని పంపి ఆపించండి. పిల్లల ఫోన్లలో ఇది మామూలే.

కంపెనీ కూడా మార్చాలనుకుంటే

పోస్ట్‌పెయిడ్ నుంచి నేరుగా వేరే కంపెనీ ప్రీపెయిడ్‌కు పోర్ట్ కావచ్చు (అంటే అదే నంబరుతో కంపెనీ మారడం), ముందు పాత కంపెనీలోనే ప్రీపెయిడ్ చేసుకోనక్కర్లేదు. పిల్లవాడి నంబరు నుంచి పోర్ట్ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి పది అంకెల నంబరు టైపు చేసి 1900కు పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. మన దగ్గర అది నాలుగు రోజులే చెల్లుతుంది కాబట్టి, ఆదివారం పంపి వచ్చే శనివారం వెళ్దామనుకోకండి.

కోడ్ రాలేదంటే కారణం దాదాపు ఎప్పుడూ ఈ మూడింటిలో ఒకటి: గడువు దాటిన బిల్లు బాకీ, ఈ నెట్‌వర్క్‌లో ఇంకా 90 రోజులు నిండకపోవడం, పేరు మార్పు సగంలో ఉండటం. ఈ మధ్యే సిమ్ పోయి కొత్తది తీసుకుని ఉంటే, 7 రోజులు దాటాకే కోడ్ ఇస్తారు.

పోర్ట్ పూర్తవడానికి ఒకే సర్కిల్‌లో (టెలికాం లెక్కల్లో ఒక ప్రాంతం) అయితే మూడు పనిదినాలు, వేరే సర్కిల్ అయితే ఐదు. రాష్ట్రాలు విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్ర, తెలంగాణ ఇంకా ఒకే సర్కిల్. హైదరాబాద్‌లో తీసుకున్న సిమ్‌ను విజయవాడలో పోర్ట్ చేస్తే అది ఒకే సర్కిల్ లోపల జరిగినట్టే. చెన్నైలోనో బెంగళూరులోనో తీసుకున్నదైతే ఐదు రోజులు చూసుకోండి.

పోర్ట్ అయ్యాక పాత కంపెనీ చివరి బిల్లు వస్తుంది. "ఇక వాళ్లతో మనకేం పని" అని వదిలేస్తే, వాళ్లు ఫిర్యాదు చేసి కొత్త కంపెనీలో నడుస్తున్న మీ నంబరునే ఆపించవచ్చు.

మళ్లీ వెనక్కి మారాలనిపిస్తే

ఓటీపీతో మార్చుకున్నాక 30 రోజుల దాకా అదే పద్ధతిలో వెనక్కి పోలేరు. 2025 జూన్ దాకా ఇది 90 రోజులుండేది. ఆ తర్వాత ఇంకోసారి, ఇంకోసారి అంటూ మార్చాలంటే మళ్లీ 90 రోజుల గడువే. ఈలోపు తప్పనిసరైతే స్టోర్‌కు వెళ్లి కేవైసీ మళ్లీ చేయించుకోవాలి.

బిల్లు తప్పుగా వచ్చిందని గానీ, మార్పు ఆగిపోయిందని గానీ 198కు ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు (ఫిర్యాదుకు ఇచ్చే నంబరు) అడిగి తీసుకోండి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, ఆయనకు రాసేటప్పుడు ఈ నంబరే ఆధారం.

ఇంటర్ రెండో ఏడు పిల్లలున్నవాళ్లకు ఒక సంగతి. 18 నిండాక సిమ్‌ను పిల్లల పేరు మీదకు మార్చుకోవచ్చు. కానీ ఆ పేరు మార్పును, ఈ ప్రీపెయిడ్ మార్పును, పోర్టింగ్‌ను ఒకే నెలలో పెట్టుకోకండి. ఒకటి పూర్తయిందని మెసేజ్ వచ్చాకే రెండోది మొదలుపెట్టండి. కౌన్సెలింగ్ నడిచే నెలల్లో అయితే మూడింటిలో దేన్నీ ముట్టుకోకండి.